గురువు చేతిలోని బెత్తం: మతసమాజంలో శారీరక దండనను పరిశీలించి, ఆపించడం ఎలా

4వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో పెరిగి, తరువాతి కాలంలో క్రైస్తవ సంప్రదాయానికి మూలస్తంభంగా నిలిచిన అగస్టీన్ తన బాల్యాన్ని తలచుకుంటూ ఒక సంగతి చెప్పుకున్నాడు. బడిలో దెబ్బలు తప్పించమని చిన్నప్పుడు ఆయన దేవుణ్ణి వేడుకునేవాడు. ఒంటి మీద తేలిన వాతలను చూసి పెద్దవాళ్లు, చివరికి కన్నవాళ్లు కూడా, నవ్వేవారు. ఆ పిల్లవాడికి కనీసం ఒక దిక్కు మిగిలింది, కొట్టేవాడి మీద దేవుడికి చెప్పుకోగలిగాడు. కొట్టేవాడు దేవుడి పేరు మీదే కొడుతున్నప్పుడు ఆ దిక్కు కూడా ఉండదు. మతాధికారం చేతిలోని దెబ్బకూ మరే ఇతర దెబ్బకూ ఉన్న తేడా ఇదేనని నా అభిప్రాయం.

ఈ వ్యాసం మతాన్ని వదిలేయమని చెప్పడానికి రాసినది కాదు. తమ ప్రార్థనాస్థలంలోనో, మతబోధ జరిగే తరగతిలోనో, మఠంలోనో పిల్లలను కొడుతున్నారని తెలిసి, అది తప్పని మనసుకు తోస్తున్నా, పెద్దలను ప్రశ్నిస్తే అపచారమవుతుందేమోనని వెనకాడుతున్న తల్లిదండ్రులకు, బోధకులకు, నిర్వాహక సభ్యులకు ఉద్దేశించినది. కింద చెప్పే పనులన్నీ వేరువేరుగా కనిపించినా వాటి గురి ఒక్కటే: దెబ్బ తిన్న మనిషి తన మాట చెప్పుకోవడానికి మూసుకుపోయిన దారిని మళ్లీ తెరవడం.

జరుగుతున్నదాన్ని మామూలు మాటల్లో రాయండి

మొదటి పని వాదన కాదు, నమోదు. మతసమాజాల్లో దెబ్బకు గౌరవప్రదమైన పేర్లు చాలా ఉంటాయి: క్రమశిక్షణ, దిద్దుబాటు, ప్రాయశ్చిత్తం, గురుకృప. ‘శిక్ష’ అన్న మాటనే చూడండి. సంస్కృతంలో దానికి నేర్పడం, నేర్చుకోవడం అని అర్థం. ఆరు వేదాంగాల్లో ఒకటైన శిక్ష ఉచ్చారణ శాస్త్రం. అదే మాట తెలుగులో దండనగా స్థిరపడింది. పేరు అర్థాన్ని మింగేయకుండా ఉండాలంటే, ‘పిల్లవాణ్ణి దిద్దారు’ అని కాక, ‘తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి, కంఠస్థం చేసిన భాగంలో రెండు వాక్యాలు మరిచిపోయినందుకు, అరచేతి మీద బెత్తంతో ఆరుసార్లు కొట్టారు’ అని రాయాలి. ఎవరు, ఎవరిని, దేనితో, ఎందుకు, ఎవరి సమక్షంలో అన్నవి తేదీతో సహా ఉండాలి.

ఏది శారీరక దండన అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2006లో వెలువరించిన 8వ సాధారణ వ్యాఖ్య ప్రకారం, ఎంత స్వల్పంగానైనా సరే, నొప్పిగానీ ఇబ్బందిగానీ కలిగించే ఉద్దేశంతో శరీరబలాన్ని వాడిన ప్రతి శిక్షా శారీరక దండనే. బెత్తం ఒక్కటే కాదు. చెవి మెలిపెట్టడం, మొట్టికాయ వేయడం, తొడపాశం పెట్టడం, గోడకుర్చీ వేయించడం, గంటల తరబడి మోకాళ్ల మీద నిలబెట్టడం కూడా దీని కిందికే వస్తాయి. నలుగురిలో అవమానించడం, భయపెట్టడం వంటివి చేతితో చేసేవి కాకపోయినా అంతే క్రూరమైనవని ఆ వ్యాఖ్య చెబుతుంది. దేవుడి శాపం తగులుతుందని ఆరేళ్ల పిల్లను బెదిరించడాన్ని మీ కాగితంలో విడిగా రాసుకోండి. చాలాచోట్ల బెత్తం మానేసినవారు దాని స్థానంలో దీన్ని పెట్టుకుంటారు.

మరో రెండు విషయాలు తప్పక గమనించాలి. పిల్లవాడు చేసినది తప్పా, లేక చేతకానితనమా అన్నది మొదటిది. మతబోధ తరగతుల్లో దెబ్బలు పడేది ఎక్కువగా అల్లరికి కాదు, అప్పజెప్పలేకపోయినందుకు. నేను తిన్న దెబ్బలూ అవే: పాఠం రాత్రంతా చదివి, ఉదయం బెత్తాన్ని చూడగానే మరిచిపోయేవాణ్ణి. రెండవది, ఇంట్లో చెప్పవద్దని పిల్లవాడికి ఎవరైనా చెప్పారా అన్నది. ఈ రెండవ ప్రశ్నకు ‘అవును’ అన్న జవాబు వస్తే, ఇక మతగ్రంథాల వచనాల చర్చ దాకా ఆగనవసరం లేదు. నేరుగా ఈ వ్యాసంలోని గాయాల భాగానికి వెళ్లండి.

వచనాన్ని చివరిదాకా చదవండి

పెద్దలను కలిసేముందు, వారు చూపించబోయే వచనాన్ని మీరే ముందుగా, దాని ముందు వెనుకలతో కలిపి చదవాలి. ‘దండం దశగుణం భవేత్’ అన్న మాటను కొట్టడాన్ని సమర్థించడానికి వాడటం మనందరం విన్నదే. ఆ శ్లోకం మొత్తం చదివితే అందులో శిష్యుడి ప్రసక్తే లేదు. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువుల నుంచి కాపాడుకోవడానికీ, బురదలో, నీటిలో, చీకటిలో, చూపు లేనప్పుడు, ముసలితనంలో ఊతగా నిలవడానికీ కర్ర పనికొస్తుందని చెప్పే శ్లోకమది. నడిచేవాడి చేతికర్రను పొగిడిన మాట బోధకుడి బెత్తానికి ప్రమాణమైంది. ఒక పాదాన్ని తుంచి వాడితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

అలాగని ప్రతి వచనమూ ఇంత సులభంగా తేలిపోదు; తేలిపోతుందని చెప్పి పెద్దల ముందుకు వెళితే మీ మాటకు విలువ పోతుంది. మనుస్మృతి 8వ అధ్యాయం 299వ శ్లోకం తప్పు చేసిన భార్యను, కొడుకును, దాసుణ్ణి, శిష్యుణ్ణి, తమ్ముణ్ణి తాడుతోగానీ వెదురుబద్దతోగానీ కొట్టవచ్చని స్పష్టంగా చెబుతుంది. తరువాతి శ్లోకం వీపు మీదే తప్ప తల మీద కొట్టరాదనీ, అతిక్రమించినవాడు దొంగతో సమానమైన దోషి అనీ అంటుంది. అదే గ్రంథం 2వ అధ్యాయం 159వ శ్లోకంలో ప్రాణులకు మేలు బోధించడం అహింసతోనే జరగాలనీ, ధర్మాన్ని కోరేవాడి మాట మధురంగా, మృదువుగా ఉండాలనీ కూడా అంటుంది. గౌతమ ధర్మసూత్రం మరింత ముందుకు వెళ్లి, శిష్యుణ్ణి సాధారణంగా కొట్టకుండానే బోధించాలనీ, తప్పనిసరైతే సన్నని తాడో బెత్తమో వాడాలనీ, మరో వస్తువుతో కొట్టిన గురువును రాజు దండించాలనీ నిర్దేశిస్తుంది. ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోతాను. గురువు మీద కూడా విచారించే ఒక పైఅధికారం ఉండాలని ఆ సూత్రకారుడు గుర్తించాడు; ఇవాళ మన సమాజాల్లో పోయింది సరిగ్గా అదే.

మిగతా సంప్రదాయాల్లోనూ ఇటువంటి హద్దులే కనిపిస్తాయి. బైబిల్‌లోని సామెతల గ్రంథం బెత్తాన్ని వాడమని చెబుతుంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం మాత్రం సంఘాధ్యక్షుడు కొట్టేవాడై ఉండరాదని అతని అర్హతల్లోనే చేర్చింది. అపోస్తలుల పేరు మీద 4వ శతాబ్దం చివరికి సంకలనమైన సంఘనియమాల్లో 27వది, పాపం చేసిన విశ్వాసినైనా, అపరాధం చేసిన అవిశ్వాసినైనా కొట్టి భయపెట్టాలని చూసిన మతాధికారిని పదవి నుంచి తొలగించాలని శాసించింది. తనను కొట్టినప్పుడు క్రీస్తు తిరిగి కొట్టలేదన్నది అందుకు చూపిన కారణం. పదేళ్లు నిండిన పిల్లలు నమాజు చేయకపోతే కొట్టమన్న హదీసును (ప్రవక్త మాటలను, చేతలను గురించిన కథనాన్ని) చూపేవారికి, ప్రవక్త యుద్ధంలో తప్ప ఏ స్త్రీనీ ఏ సేవకుణ్ణీ చేతితో కొట్టలేదని ఆయన భార్య ఆయిషా చెప్పిన హదీసు కూడా తెలిసే ఉంటుంది. పిల్లల పట్ల కాఠిన్యం వారిలో ఉత్సాహాన్ని చంపి, అబద్ధాన్ని, కపటాన్ని నేర్పుతుందని చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1377లో రాసిన ముకద్దిమా అనే గ్రంథంలో వివరించాడు. బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయంలో, పాచిత్తియ అనే నియమాల్లో 74వదాని ప్రకారం కోపంతో తోటి భిక్షువును కొట్టడం దోషం. 75వదాని ప్రకారం చెయ్యెత్తడం కూడా దోషమే.

హద్దు పెట్టడమంటేనే అనుమతించడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు ఇది: అందరూ ఎడాపెడా కొట్టే కాలంలో ‘ఇంతకు మించి వద్దు’ అన్నవాడు ఏ వైపు నడుస్తున్నాడో చూడాలి. ఇక ఆజ్ఞ రూపంలోనే ఉన్న వచనాల విషయంలో, సంప్రదాయం తన సొంత ఆజ్ఞలను ఎలా చదువుకుందో గమనించాలి. తిరుగుబాటు చేసే కొడుకును రాళ్లతో కొట్టి చంపమని బైబిల్‌లోని ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో ఉంది. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్ముద్‌లోని సన్‌హెద్రిన్ భాగంలో ఒక అభిప్రాయం, అటువంటి కొడుకు ఎన్నడూ లేడు, ఎన్నటికీ ఉండడు, చదివి పుణ్యం పొందడానికే ఆ వచనం ఉంది అని తేల్చింది. వాళ్లు వచనాన్ని చెరపలేదు, దాని పవిత్రతను కాదనలేదు, కానీ ఒక పిల్లవాడి ప్రాణం మీదికి దాన్ని రానివ్వలేదు. మీ సంప్రదాయంలో ఇటువంటి పఠనం ఎక్కడుందో వెతికి పట్టుకోండి. బయటి నుంచి తెచ్చిన వాదన కంటే అది పెద్దల మనసుకు తొందరగా చేరుతుంది.

బోధించే అధికారాన్ని కొట్టే అధికారం నుంచి విడదీయండి

తైత్తిరీయ ఉపనిషత్తు శిక్షావల్లిలో చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే మాటల్లో ఒకటి, మాలోని మంచి నడతను మాత్రమే అనుసరించు, తక్కినవాటిని కాదు అన్నది. తన నడతలో అనుసరించకూడనివి కూడా ఉండవచ్చునని గురువే ఒప్పుకున్నాడన్నమాట. ఆయన బోధను తలదాల్చి, ఆయన దెబ్బను తిరస్కరించడం గురుద్రోహం కాదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒక్కరే నియమం పెట్టి, తప్పు నిర్ణయించి, శిక్ష వేసి, దానిపై ఫిర్యాదును కూడా తామే వినే చోట. అదీకాక, భక్తి వల్ల బయటివారు కూడా అక్కడ చూపు తిప్పేసుకుంటారు. ఐర్లండ్‌లో దిక్కులేని, పేద పిల్లలను ఉంచడానికి క్రైస్తవ సన్యాస సంఘాలు నడిపిన ‘పారిశ్రామిక పాఠశాల’లపై విచారణ జరిపిన సంఘం 2009 మేలో ఇచ్చిన నివేదిక, ఆ సంస్థల్లో దెబ్బలు విచ్చలవిడిగా సాగాయనీ, పిల్లలు నిత్యం భయంతో బతికారనీ చెప్పడంతో ఆగలేదు. వాటిని తనిఖీ చేయవలసిన విద్యాశాఖ ఆ సంఘాల పట్ల అణకువతో లొంగి ఉండటం వల్ల తన బాధ్యతలో విఫలమైందని కూడా తేల్చింది. తనిఖీ అధికారి గౌరవంతో తల వంచిన చోట పిల్లవాడి తరఫున కన్నెత్తి చూసేవాళ్లు లేకపోయారు.

న్యాయస్థానాల్లోనూ ఇదే లోటు బయటపడింది. 2000లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానాన్ని 196 స్వతంత్ర క్రైస్తవ పాఠశాలల తరఫున ఒక సంస్థ ఆశ్రయించి, బెత్తం దెబ్బ తమ విశ్వాసంలో భాగం కాబట్టి నిషేధం నుంచి మినహాయింపు కావాలని కోరింది. ఇటువంటి వ్యాజ్యమే ఇంగ్లండ్‌లో 2005లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. రెండుచోట్లా న్యాయమూర్తులు వారి నమ్మకం చిత్తశుద్ధితో కూడినదేనని ఒప్పుకుంటూనే మినహాయింపును నిరాకరించారు. దక్షిణాఫ్రికాలో జస్టిస్ ఆల్బీ సాక్స్, ఇంగ్లండ్‌లో బారనెస్ హేల్ ఇద్దరూ గమనించిన సంగతి ఒకటుంది: పాఠశాలలు మాట్లాడాయి, తల్లిదండ్రులు మాట్లాడారు, ప్రభుత్వం మాట్లాడింది, పిల్లల తరఫున మాట్లాడేవారు మాత్రం ఎవరూ లేరు. మీ సమాజంలో ఈ చర్చ మొదలైనప్పుడు ఆ తప్పు మళ్లీ జరగకుండా చూడటం మీ చేతిలో ఉంది. కాస్త పెద్ద పిల్లలను, వారిని కొట్టే వ్యక్తి లేని చోట, వారు నమ్మిన మనిషి సమక్షంలో అడగండి.

పెద్దలతో మాట్లాడటం

ఒంటరిగా వెళ్లకండి, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి వెళ్లండి. నలుగురి ముందు నిలదీస్తే పెద్దలు తమ మాటను కాపాడుకోవడంలో పడిపోతారు కాబట్టి ముందుగా సమయం అడిగి విడిగా కలవండి. ఏ పిల్లవాడి పేరూ చెప్పకండి, ఆ కోపం మళ్లీ వాడి మీదికే మళ్లవచ్చు. ‘మీరు క్రూరులు’ అనవద్దు. వారిలో చాలామంది తమ గురువుల దగ్గర దెబ్బలు తిని, దాన్నే ప్రేమగా అర్థం చేసుకుని పెరిగినవారు, ‘నీ మంచికే’ అన్నది వారు మనస్ఫూర్తిగా అనే మాట.

అటువంటివారికి చెప్పదగిన కథ ఒకటుంది. 11వ శతాబ్దంలో ఒక మఠాధిపతి, తన మఠంలో పెరిగే బాలురను రాత్రింబవళ్లు కొడుతున్నా నానాటికీ చెడిపోతున్నారని సన్యాసి అయిన ఆన్సెల్మ్ దగ్గర మొరపెట్టుకున్నాడు. ఆన్సెల్మ్ అడిగాడు: ఒక మొక్కను నాటి, కొమ్మలు చాచే వీలు లేకుండా అన్నివైపులా బిగించి, కొన్నేళ్ల తరువాత విప్పితే ఎటువంటి చెట్టు వస్తుంది? వంకరలు తిరిగి చిక్కుపడినది, అన్నాడు అధిపతి. అది ఎవరి తప్పు అని ఆన్సెల్మ్ మళ్లీ అడిగినప్పుడు, ఆయన తన తప్పు తెలుసుకుని క్షమాపణ కోరాడు. ఈ సంభాషణను ఆన్సెల్మ్ శిష్యుడు ఈడ్మర్ రాసిపెట్టాడు. అధ్యయనాలు కావాలనే పెద్దలుంటే, పరిశోధకులు ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో ప్రచురించిన పరిశీలనను ముందుంచండి: 75 అధ్యయనాల్లోని 1,60,000 మందికి పైగా పిల్లల సమాచారాన్ని వారు కలిపి చూశారు. ఇంట్లో తల్లిదండ్రులు అరచేతితో కొట్టే మామూలు దెబ్బలకే, పిల్లల నడత, మానసిక స్థితి వంటి చూసిన 17 అంశాల్లో 13తో సంబంధం కనిపించింది, ఆ పదమూడూ పిల్లలకు చెరుపు చేసే వైపే ఉన్నాయి.

మీరు అడిగేది చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి: ఈ బోధనాకాలం పూర్తయ్యేవరకు ఎవరూ ఏ పిల్లను ఏ కారణంతోనూ కొట్టరాదు. ఇది బయటి ప్రపంచపు మాట అని వారంటే, 2006 ఆగస్టులో క్యోటోలో జరిగిన ప్రపంచ మతాల సమావేశంలో అనేక మతాల నాయకులు కలిసి, శారీరక దండనతో సహా పిల్లలపై అన్ని రకాల హింసనూ నిషేధించే చట్టాలు చేయాలని ప్రభుత్వాలను కోరే ప్రకటనను ఆమోదించారని గుర్తుచేయండి. చట్టం తమకు వర్తించదని అంటే, వర్తించని చోట్లు నిజంగానే ఉన్నాయని తెలుసుకుని మాట్లాడండి. ఉదాహరణకు భారతదేశంలో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను నిషేధించగా, 2012 సవరణ ఆ చట్టం మదర్సాలకు, వేదపాఠశాలలకు, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలకు వర్తించదని చెప్పింది. నిషేధించే చట్టం ఒకటి లేకపోవడం కొట్టడానికి అనుమతిపత్రం కాదు, మిగతా నేరచట్టాలు అక్కడ కూడా ఉంటాయి.

వారు కాదంటే, మీ పిల్లను ఆ తరగతి మాన్పించి, ఆ తరువాతే చర్చ కొనసాగించండి. మీ చర్చ సాగినన్నాళ్లూ దెబ్బలు తినవలసిన బాధ్యత మీ పిల్లది కాదు.

ఒప్పుకున్నాక రాయవలసిన నియమం

మాటమీద ఒప్పందం బోధకుడు మారగానే పోతుంది కాబట్టి కాగితం మీద రాయించండి. కొట్టడం, నొప్పి కలిగే భంగిమల్లో ఉంచడం, ఆహారం ఆపడం, అవమానించడం, శాపం పేరుతో భయపెట్టడం నిషిద్ధమని ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి ఉన్నా నిషిద్ధమేనన్న వాక్యాన్ని మరవకండి, ‘మా వాణ్ణి నాలుగు తగిలించండి’ అని చెప్పే తల్లిదండ్రులు ప్రతిచోటా ఉంటారు. తరగతిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి. బోధకుడికి బంధువుగానీ ఆయన కింద పనిచేసేవారుగానీ కాని ఒక వ్యక్తిని, వీలైతే ఒక స్త్రీని, ఫిర్యాదులు వినడానికి నియమించి, ఆమె ఎవరో ప్రతి పిల్లకూ చూపించాలి.

కొట్టకుండా ఎలా నడపాలన్న బోధకుడి ఆందోళన నిజమైనది, దాన్ని తోసేయకూడదు. అప్పజెప్పలేని పిల్లకు భాగాన్ని సగం చేసి ఇవ్వడం, తోటివారితో జతకట్టి వల్లెవేయించడం, అల్లరి పిల్లవాణ్ణి కాసేపు రెండో పెద్దమనిషి పక్కన కూర్చోబెట్టడం, మళ్లీమళ్లీ జరిగితే తల్లిదండ్రులను పిలిపించడం చాలావరకు సరిపోతాయి. ముప్పై నలభైమందిని ఒక్కరికి అప్పగించి బెత్తం లేకుండా నడపమనడం అన్యాయం. ఆ భారం సమాజం పంచుకోవాలి.

గాయమైనప్పుడు

ఇక్కడ ఆచితూచి నడవనవసరం లేదు. పిల్లను ముందు వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి, గాయాల ఫొటోలు తీయండి, పిల్ల చెప్పిన మాటలను తన మాటల్లోనే రాసిపెట్టండి. పదేపదే అడిగి విసిగించకండి, మీ మాటలు తన నోట పెట్టకండి. తరువాత పోలీసులకో, మీ ప్రాంతంలోని బాలల సంరక్షణ అధికారులకో తెలియజేయండి. ‘మనలో మనం పరిష్కరించుకుందాం’ అని సమాజం అంటుంది. అంతర్గత విచారణ జరుపుకోనివ్వండి, కానీ అది బయటి ఫిర్యాదుకు ప్రత్యామ్నాయం కారాదు. కొట్టిన వ్యక్తి ఎదుట పిల్లను కూర్చోబెట్టి రాజీ చేయించడానికి ఒప్పుకోవద్దు. క్షమించమని పిల్లను అడగడానికి కూడా ఎవరికీ హక్కు లేదు. క్షమ ఎంత గొప్ప గుణమైనా, పెద్దలు పిల్లవాడి చేత బలవంతంగా పలికించినప్పుడు అది మరో దండన మాత్రమే.

పెద్దవాళ్ల విషయం కొంత వేరు. జెన్ ధ్యానశాలల్లో నిద్రమత్తులో జోగుతున్న సాధకుడు తానే చేతులు జోడించి అడిగితే భుజం మీద కర్రతో తట్టే పద్ధతి ఉంది. అడిగినవాడు అడగకుండా కూడా ఉండగలడు, లేచి వెళ్లిపోగలడు. ఈ రెండూ ఉన్నాయా అని చూడండి. తిండికీ నీడకూ అదే సంస్థ మీద ఆధారపడినవారు, ధిక్కరిస్తే కుటుంబమంతా వెలి అవుతుందని భయపడేవారు ‘సరే’ అన్నా దాన్ని సమ్మతిగా తీసుకోలేం. దయ్యం పట్టిందంటూ మానసిక వ్యాధిగ్రస్తులనో మూర్ఛరోగులనో కొట్టే చోట సమ్మతి ప్రశ్నే రాదు, అక్కడ చేయవలసింది ఆపి వైద్యుడి దగ్గరికి చేర్చడమే.

చివరిగా, ఇన్నేళ్లూ కొట్టిన బోధకుడు మనసు మార్చుకుని వచ్చినప్పుడు ఏం చేయాలని కొందరు అడుగుతారు. గాయాలు చేసినవాడైతే పిల్లల మధ్యకు తిరిగి రాకూడదు. అందరిలాగే మామూలుగా కొట్టినవాడై, చట్టపరమైన విచారణ లేని పక్షంలో, ఆయన ఏ గదిలో కొట్టాడో ఆ గదిలోనే, ఆ పిల్లల ముందే, వారి తల్లిదండ్రుల సమక్షంలో, ‘నేను చేసింది తప్పు, దేవుడు నన్ను అలా చేయమనలేదు’ అని చెప్పాలి. పిల్లలు బదులు చెప్పాలని ఎదురుచూడకూడదు. ఆయన లోపలికి రాకముందే బెత్తాన్ని ఆ గదిలోంచి తీసేయండి.